గుట్ట మీద రెండో రాయి

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం సులువు. పక్కింటివాళ్ళు గేటుకు కొత్త రంగు వేయిస్తే నాకు రెండు రోజులు అన్నం సయించదు. ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో పాఠాలు చెప్పాను. అసూయ చెడ్డదని పిల్లలచేత పలకల మీద రాయించి, ఇంటికొచ్చి తోటి టీచరమ్మ కొత్త చీర గురించి మా ఆయన దగ్గర గంటసేపు సణిగేదాన్ని. అట్లాంటి మనిషిని కరీంనగర్ నుంచి జైనూర్ గుట్టల దాకా బస్సులెక్కించి తీసుకుపోయింది కూడా ఆ కుళ్ళే.

నాకు ఒక్కడే తమ్ముడు, రాజేశం. నాకంటే నాలుగేళ్ళు చిన్న. మాది చొప్పదండిలో మగ్గం మీద బతికిన ఇల్లు. వాడు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టనని మొండికేసి పట్టాళంలో చేరాడు. శ్రీలంకకు శాంతిసేన వెళ్ళినప్పుడు వాడూ వెళ్ళాడు. అక్కడ వాళ్ళ బండి కింద మందుపాతర పేలింది. మాకు ఒక కలశంలో బూడిద, ఒక నల్ల ఇనుప పెట్టె వచ్చాయి.

కార్గిల్‌లో పోయాడంటే అందరికీ తెలుస్తుంది. దండ వేస్తారు, చౌరస్తాలో బొమ్మ పెడతారు. మా తమ్ముడు శాంతి నిలబెట్టడానికి పోయి చచ్చిపోయాడంటే, "అది ఏ యుద్ధం మేడమ్?" అని అడుగుతారు. బొమ్మలున్న జవాన్ల అక్కలను చూస్తే నా కడుపు మండేది. దేశం కోసం ప్రాణమిచ్చినవాళ్ళ మీద కాదు, వాళ్ళ అక్కల మీద.

పోయిన నెల బ్యాంకు వరుసలో ఒక ముసలి జవాను నా ముందు నిలబడ్డాడు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. మాటల్లో నా తమ్ముడి పేరు చెప్పాను. ఆయన గిరుక్కున నా వైపు తిరిగాడు.

"రాజేశమా? మా కంపెనీనే గదమ్మా. వాడు, సోము ఒకటే జోడి. ఒకటే బండిల పోయిండ్రు. సోముకు జైనూర్ అవతల వాళ్ళ గూడెంల రాయి నిలవెట్టిండ్రట. ఏడాదికోపాలి ఊరంత కూడి బువ్వ పెడతరట. నేనైతె పోలే, విన్న."

గూడెం పేరు, ఆ బువ్వ ఏ రోజు పెడతారో కూడా ఆయనే చెప్పాడు. ఒకే బండి, ఒకే రోజు. వాడికి రాయి, ఊరంతా కూడి అన్నం. మా వాడికి ఏమీ లేదు. బ్యాంకులో నేను వచ్చిన పని కూడా మర్చిపోయి ఇంటికొచ్చాను. పదిహేను రోజులు అదే మాట నమిలాను. చివరికి మా ఆయనే విసిగిపోయాడు.

"నీ కుళ్ళు సల్లారెదాక ఇంట్ల కూర రుచి ఉండదు. పోయి ఆ రాయేందో చూసి రా పో" అన్నాడు.

ఆ బువ్వ రోజుకు చేరేలా, ఒక డబ్బా నిండా సకినాలు కట్టుకుని బయల్దేరాను. బియ్యప్పిండిలో నువ్వులు కలిపి, చుట్లు చుట్టి కాల్చే ఈ సకినాలు దారిలో లేకపోతే మా కరీంనగర్ వాళ్ళకు ప్రయాణం మొదలైనట్టే ఉండదు.

చొప్పదండి: కండెల బస్తా వెనక

ముందు రాజేశం ఫోటో తీసుకోవాలని చొప్పదండిలో దిగాను. ఆ ఫోటో మా చిన్నాయన కొడుకు సత్తయ్య దగ్గర ఉంది. రాజేశం ఈడువాడు. బాపు పోయాక మా ఇల్లు అమ్మేసినప్పుడు, ఫోటో మగ్గాల మధ్యనే ఉండాలని సత్తయ్య తన షెడ్డుకు తీసుకుపోయాడు. ఇప్పుడు వాడికి నాలుగు పవర్‌లూములు ఉన్నాయి. లోపలికి పోతే చెవుల్లో చప్పుడు తప్ప ఇంకేమీ మిగలదు. సత్తయ్య మగ్గం ఆపకుండానే చెయ్యి ఊపాడు.

గోడకు ఫోటో లేదు. మేకు మాత్రం ఉంది.

"ఫోటో ఏదిరా?" అని అరిచాను.

వాడు మగ్గం ఆపి, మూలన ఉన్న నూలు కండెల బస్తా జరిపి, వెనక నుంచి ఫోటో తీశాడు. అద్దం మీద దూది పేరుకుపోయి నా తమ్ముడి ముఖం కనిపించలేదు. సత్తయ్య భుజం మీది తువ్వాలతో తుడిచాడు.

"కొత్త మగ్గం పెట్టేటప్పుడు తీసిన అక్కా. మల్ల పెట్టుడు యాదికి లేదు."

"ఎన్నేండ్లయింది కొత్త మగ్గం పెట్టి?"

వాడు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు. తాగనన్నాను. ఎక్కడో అడవిలో వాళ్ళు రాయి నిలబెట్టుకున్నారు, మావాళ్ళు ఉన్న ఫోటోను బస్తా వెనక వేశారు. కొంగులో ఫోటో చుట్టుకుని పెద్దపల్లి బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైనందుకు ఆ పూట సంతోషపడే స్థితిలో కూడా లేను.

మంథని: గోదావరి ఒడ్డున ఒక చెడ్డ ఆలోచన

మంథని నా దారిలో పడే ఊరు కాదు, అయినా పోయాను. రాజేశం బూడిదను బాపు అక్కడే గోదావరిలో కలిపాడు. అప్పుడు నేను నీళ్ళలోకి దిగకుండా ఒడ్డున నిలబడి ఏడ్చాను. ఈసారి నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఇసుక తేలి ఉంది. మా కరీంనగర్ పక్కన మానేరు ఉందని గొప్పలు చెప్పుకుంటాం గానీ, గోదావరి ముందు అది నిలవదు. ఇంత నది ఇంటి వెనకే ఉన్న మంథని వాళ్ళను చూసి కూడా కాసేపు ఉడుక్కున్నాను.

మెట్ల మీద ముప్పై ఏళ్ళ ఆడమనిషి ఒకతె పొడి బట్టల మూట పట్టుకోమని నాకిచ్చి స్నానానికి దిగింది. పైకొచ్చి జుట్టు పిండుకుంటూ తనే చెప్పింది. భర్త దుబాయిలో పోయాడట. నెలమాసికం పెట్టడానికి వచ్చారట. అత్తమామలు అయ్యగారి దగ్గర కూర్చున్నారు.

"పెట్టె వచ్చెటాళ్ళకు ఇరవై రోజులైంది అక్కా. జర నల్లవడ్డడు గని ముఖం మాత్రం చూసిన" అంది.

ఆమె మొగుడి ముఖం చూసుకుంది. నేను తమ్ముడి ముఖం చూడలేదు. ఆ క్షణం నాకు ఆమె మీద, అంటే మొగుడు చచ్చిపోయిన పిల్ల మీద, అసూయ కలిగింది. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కలిగింది కాబట్టి రాస్తున్నాను. మూట ఆమెకు ఇచ్చి మెట్లెక్కి వచ్చేశాను.

ఆసిఫాబాద్: రొట్టె పెద్దదే

గోదావరిఖని, మంచిర్యాల మీదుగా ఆసిఫాబాద్ చేరేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు బయట ఒకామె కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తోంది. రొట్టె ఇరవై రూపాయలు. కరీంనగర్‌లో కూడా అంతే తీసుకుంటారు, కానీ ఇక్కడి రొట్టె పళ్ళెం అంచులు దాటి వేలాడుతోంది. పల్లీలు, పచ్చిమిరపకాయలు కలిపి దంచిన కారం పక్కన పెట్టింది. మా దగ్గర రొట్టె పక్కన పప్పుచారు పోస్తారు. ఈ కారం ముందు అది దండగ.

"ఇంకోటి తిను మావశీ, సగం కడుపుతోని పయనం చెయ్యలేవు" అంది. మావశి అంటే మరాఠీలో చిన్నమ్మ. ఇటువైపు తెలుగులో అది కూడా కలిసిపోయింది.

డబ్బు ఇస్తూ నాలుగు సకినాలు ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఒకటి కొరికి, మిగతావి కొంగున ముడివేసుకుంది. ఎక్కడికి పోతున్నానని అడిగింది. జైనూర్ అవతల ఒక జవాను రాయి చూడటానికి అని చెప్పాను.

"మంచిదాయె. చుట్టమా?"

"కాదు."

"మరి అంత దూరం ఎందుకు పోతున్నవు?"

కుళ్ళుతో అని చెప్పలేక, చూడాలనిపించిందని చెప్పాను. ఆ రాత్రి చిన్న లాడ్జిలో పడుకున్నాను.

కెరమెరి ఘాట్: సకినాల పొడి

తెల్లవారి జీపులో కెరమెరి ఘాట్ ఎక్కాం. కింద లోయ నిండా టేకు చెట్లు, మంచు. మా వైపు గుట్టలను గ్రానైటు కోసం కోసి కోసి మొండి చేశారు. ఇక్కడి గుట్టలు ఎట్లా పుట్టాయో అట్లాగే ఉన్నాయి. గుట్టలను చూసి కూడా ఓర్వలేని మనిషిని నన్ను తప్ప ఇంకొకరిని చూసి ఉండరు.

ఒక మలుపులో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. సీటు మీది నా సంచి ఎగిరి, డబ్బా ఇనుప కమ్మికి కొట్టుకుని కింద పడింది. మొదట ఫోటో చూసుకున్నాను. అద్దం పగల్లేదు. డబ్బా మూత తీస్తే సకినాలన్నీ ముక్కలు, పొడి.

"ఇగ సకినాలు చెంచతోని తినాలె అమ్మా" అని డ్రైవరు నవ్వాడు. జీపంతా నవ్వింది. నేను నవ్వలేదు. రెండు రోజులు కూర్చుని చుట్టినవి అవి.

జైనూర్‌లో దిగి, ఆటోవాడిని గూడెం పేరు చెప్పి అడిగాను.

"జవాను రాళ్ళ కాడికా? ఇయ్యాల అందరు అటే" అన్నాడు.

రాళ్ళు అన్నాడు. నేను పట్టించుకోలేదు.

ఇప్పచెట్టు కింద

ఆ గోండు గూడెం పేరు రాయను. ఊరి పటేలు రాయొద్దని కోరాడు. "పేరు రాస్తె ఫోటోలు తీసెటోళ్ళు వస్తరు, మా బువ్వ ఆగమైతది" అన్నాడు. నలభై, యాభై ఇళ్ళు. పత్తి ఏరడం అయిపోయి చేలలో మోళ్ళు మిగిలాయి. వాకిళ్ళు పేడతో అలికి అద్దంలా ఉన్నాయి. మా అపార్టుమెంటులో మెట్లు ఎవరు ఊడవాలని వారానికో పంచాయితీ అవుతుంది, అది గుర్తొచ్చింది.

ఊరి చివర ఇప్పచెట్టు. చెట్టు కింద మోకాలెత్తు రాయి నిలబెట్టి ఉంది. ఏటి రాయి. ఎర్ర జాజు పూసి, నడుముకు కొత్త రుమాలు కట్టారు. చుట్టూ ముగ్గు. ఇంతేనా అనిపించాలి నిజానికి. పాలరాయి కాదు, పేరు కూడా చెక్కలేదు. కానీ చుట్టూ ఊరంతా కూర్చుని ఉంది. గారెలు కాల్చే నూనె వాసన, పప్పు ఉడికే వాసన. ఆడవాళ్ళు మాటల మధ్యలో ఆ రాయి వైపు తిరిగి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు ఏదో అంటున్నారు. నా కళ్ళలో నిప్పులు పోసుకున్నట్టయింది.

తెల్లజుట్టు ఆమె ఒకతె నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"రాం రాం బాయి. ఏ ఊరు మీది?"

"కరీంనగర్. పుట్టిల్లు చొప్పదండి."

ఆమె చేతులు వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

"చొప్పదండా? అయితె సకినాల అక్క నీకెరుకనా? శాలోళ్ళ బిడ్డ. బతికున్నదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నన్ను లాక్కుని చెట్టు అవతలి వైపుకు తీసుకుపోయింది. అక్కడ రెండో రాయి ఉంది. మొదటిదానికి నాలుగు అడుగుల దూరంలో, అంతే ఎత్తు, అదే జాజు. దానికి కట్టింది మాత్రం మిల్లు రుమాలు కాదు. నేను శాలోళ్ళ బిడ్డను, నేతపని ఇంట్లో పుట్టినదాన్ని, బట్ట కనిపిస్తే వేలు దానంతట అదే పోతుంది. అది చేనేత తువ్వాల.

"గిది మా తమ్ముడు సోముది. గది వాని జోడీదారుది, రాజేశంది. శాలాయనకు మిల్లు బట్ట కట్టొద్దని మా బాపు అన్నడు. ప్రతిసాలు నేతబట్ట దేవులాడి తెస్తం" అంది ఆమె. పేరు మాన్కుబాయి, సోము అక్క.

"ఎందుకు నిలబెట్టారు?" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

"మా వాడు దూరంల సచ్చిపోయిండు బాయి. ఒక్కన్నే కూసోవెడితె ఎట్ల? తోడు ఉండాలె గద. ఒక్క బండిల పోయినోళ్ళు."

నేను కొంగులోంచి ఫోటో తీసి చూపించాను. ఎవరో చెప్పాను. మాన్కుబాయి ఫోటో తీసుకుని గోండీలో ఏదో కేక వేసింది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ముప్పై ఏళ్ళకు పైగా తువ్వాల కట్టి అన్నం పెట్టిన మనిషి ముఖం వాళ్ళు అప్పుడే మొదటిసారి చూడటం. చేతులు మారుతూ ఫోటో ఎటో పోయింది. ఎక్కడ ఇవ్వకుండా ఉంచేసుకుంటారోనని నా ప్రాణం కొట్టుకుంది. తిరిగి చేతికి రాగానే కొంగులో చుట్టేసుకున్నాను.

రాసినవాడి మాట

మాన్కుబాయి ఇంట్లోంచి ఒక రేకు డబ్బా తెచ్చింది. అందులో ఉత్తరాలు. సోము మరాఠీ బడిలో చదివాడట. అప్పట్లో ఇంటివాళ్ళకు ఉత్తరాలు చదివిపెట్టే గూడెం పంతులుకు తెలుగు తప్ప రాదట. అందుకని సోము చెప్తుంటే తెలుగులో రాజేశం రాసిపెట్టేవాడు.

నేను మొదటి ఉత్తరం విప్పాను. నా తమ్ముడి చేతిరాత. వాడు రాసే వంకర 'క', వరుస చివర కిందికి జారే అక్షరాలు. మా ఇంట్లో వాడి ఉత్తరాలు నాలుగు మిగిలాయి. ఇక్కడ తొమ్మిది ఉన్నాయి. నా తమ్ముడి చేతిరాత నా దగ్గర కంటే ఈ అడవిలో ఎక్కువ ఉంది. లెక్కపెట్టి మరీ ఉడుక్కున్నాను.

ఉత్తరాల్లో సోము తమ పని గురించి చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. కొట్లాడుకునే ఇద్దరి నడుమ నిలబడటమే తమ పని అట. రెండు వైపుల నుంచీ దెబ్బలు తమకే తగులుతున్నాయట. ప్రతి ఉత్తరంలోనూ చొప్పదండి నుంచి వచ్చే సకినాల డబ్బా ముచ్చట ఉంది. సకినం ఎట్లా ఉంటుందో కూడా వర్ణించాడు. ఒక ఉత్తరం అడుగున, చిన్న అక్షరాల్లో, "రాసినోని మాట" అని ఉంది.

"అక్కా, మా ఇంటి సకినాలన్నీ నీ తమ్ముడే తింటున్నడు. నేను ఒక్కటి ముట్టలే. మా అక్కకు మాత్రం చెప్పకుండ్రి."

మా ఇంటికి రాసిన ప్రతి ఉత్తరంలో, "సకినాలు అయిపోయినయి, మళ్ళ పంపుండ్రి" అని రాసేవాడు. వాడికి సకినాలంటే చిన్నప్పటి నుంచీ పడదు. నువ్వుల వాసనకే ముఖం తిప్పుకునేవాడు. పట్టాళానికి పోయాక బుద్ధొచ్చి తింటున్నాడని మమ్మల్ని కన్న అవ్వా, నేనూ మురిసిపోయి, నడుములు పడిపోయేలా చుట్టి పంపాం. ఆ డబ్బాలన్నీ సోము రాయి తిన్నది.

"తను తినక నా తమ్మునికి పెట్టిండు. గందుకే ఇప్పుడు ముందుగాల శాలాయనకే పెడతం, ఎనుక మా వానికి" అంది మాన్కుబాయి.

ఒక పళ్ళెంలో నల్లగా, బొటనవేలంత లావున, చుట్లు చుట్లుగా ఏవో ఉన్నాయి. సకినాలట. ఉత్తరంలో చదివిన గుర్తులు పట్టుకుని, ఒక్కసారి కూడా చూడకుండా, బియ్యప్పిండి లేక జొన్నపిండితో మొదటిసారి చేశారట. తర్వాత అసలు సకినం ఎట్లా ఉంటుందో తెలిసినా అవే చేస్తున్నారు. ఆ రాళ్ళకు అవే అలవాటయ్యాయట. ఒకటి నోట్లో పెట్టుకున్నాను. పన్ను కదిలింది. నా డబ్బాలో ఉన్నవి అసలైన సకినాలు, కాకపోతే పొడి. ఇంత దూరం వచ్చి నా తమ్ముడి ముందు పెట్టడానికి నా దగ్గర పొడి తప్ప ఏమీ లేదు.

ఒకే విస్తరి

అన్నాలకు ముందు పటేలు లేచి ఇద్దరు అన్నదమ్ములను పేరుపెట్టి పిలిచాడు. చేను గట్టు దగ్గర కొట్లాడుకుని ఏడాదిగా మాటల్లేవట. వాళ్ళను తీసుకొచ్చి రెండు రాళ్ళ నడుమ కూర్చోబెట్టారు. ముందు ఒకే మోదుగాకు విస్తరి వేశారు. ఆ రోజు ఇద్దరూ దాంట్లోనే తినాలి, విస్తరి ఖాళీ అయ్యేదాకా లేవకూడదు. కొట్లాడేవాళ్ళ నడుమ నిలబడటమే మా పని అని సోము రాశాడు కదా, అప్పటి నుంచీ ఆ ఊళ్ళో ఇది పద్ధతి. అన్నదమ్ములు చెరో వైపు ముఖం తిప్పుకుని తింటున్నారు. కాసేపటికి పెద్దవాడు తన వైపున్న గారెను తమ్ముడి వైపు నెట్టాడు. తమ్ముడు దాన్ని తిన్నాడు.

మా ఊళ్ళో ఇట్లాంటి ఒక్క ఆకు లేదు. మళ్ళీ మండింది నాకు.

ఆ ఇద్దరూ లేవగానే మాన్కుబాయి నా చెయ్యి పట్టింది.

"లే బాయి. మనిద్దరం కూసుందాం."

"నాకు నీతో ఏం కొట్లాట?"

"వచ్చినకాడి సంది చూస్తున్న. నా తమ్ముని రాయి దిక్కు చూస్తె నీ కండ్లల్ల నిప్పులున్నయి. నా మీద కుళ్ళుకుంటున్నవు నువ్వు."

అబద్ధం చెప్పబోయాను. రెండు రాళ్ళ నడుమ కూర్చున్నాక నోరు రాలేదు. అవునన్నాను.

"నాకు గూడ నీ మీద కుళ్ళే" అంది ఆమె, విస్తట్లో పప్పు కలుపుతూ. "ఇన్నేండ్లాయె. నా తమ్ముడు ఉత్తరాలల్ల నన్ను అడిగింది ఒకపాలి, నీ సకినాలను అడిగింది పదిపాలి. వాడు పోయేనాడు నేను కట్టిచ్చిన రొట్టెల ముచ్చట ఒక్కదాంట్ల లేదు. గా చొప్పదండిది ఎవ్వతో చూడాలె అనుకునేదాన్ని."

ఇద్దరం ఒకరి వైపు ఒకరు చూడకుండా నాలుగు ముద్దలు తిన్నాం. నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఒకతె ఈ భూమ్మీద ఉందని తెలిసి నాకు సంతోషమే కలిగింది. ఆ సంతోషంతో ఊరుకుంటే బాగుండేది. వాళ్ళకు లేనిది నా దగ్గర ఒక్కటైనా ఉందని చూపించుకోవాలి కదా.

"మా తమ్ముడికి సకినాలంటే అసలే ఇష్టం లేదు" అన్నాను. "స్నేహం కోసం ఇవ్వడం కాదు. వాడికి నువ్వులే పడవు. ఇన్నేళ్ళూ వాడికి పడనిదే పెడుతున్నారు మీరు."

మాన్కుబాయి ముద్ద చేతిలో ఆగిపోయింది. రెండో రాయి వైపు చూసింది, దాని ముందున్న జొన్న సకినాల వైపు చూసింది. తర్వాత పెద్దగా నవ్వింది. పక్కవాళ్ళకు గోండీలో చెప్పింది. వాళ్ళూ నవ్వారు. నవ్వు తగ్గాక నా వైపు తిరిగి, వచ్చేసారికి తెలియాలి కదా అన్నట్టు మామూలుగా అడిగింది.

"మరి ఆయనకు ఏమిష్టముండె?"

నేను నోరు తెరిచాను. ఏదో ఒకటి ఉంటుంది కదా. పప్పు? పెరుగు? అరిసెలు? ఒక్కటీ రాలేదు. వాడికి ఏది పడదో తెలుసు. ఏది ఇష్టమో తెలియదు. నేనే వాడి అక్కను. ఊరంతా నా జవాబు కోసం చూస్తోంది. నేను కింద విస్తరి వైపు చూస్తూ అన్నం కలుపుతూనే ఉన్నాను. మాన్కుబాయి తన వైపున్న గారెను నా వైపు నెట్టింది.

లేచే ముందు నా డబ్బాలోని పొడిని సోము రాయి ముందు పోశాను. వాడిదే కదా ఆ సకినాల మీద హక్కు.

మళ్ళీ చొప్పదండి

తిరుగు ప్రయాణమంతా ఆ ప్రశ్నే. ఉట్నూరు, నిర్మల్, జగిత్యాల దాటి కరీంనగర్ చేరినా జవాబు దొరకలేదు. ఇంటికి పోకుండా నేరుగా చొప్పదండి బస్సెక్కాను. సత్తయ్య షెడ్డులోనే ఉన్నాడు. ఫోటో వాడి చేతిలో పెట్టి, మగ్గం ఆపమని సైగ చేశాను.

"రాజేశానికి తినెటందుకు ఏమిష్టముండె?" అన్నాను. పుట్టింటికి పోతే నాకూ పుట్టింటి మాటే వస్తుంది.

వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మాడు. గంజు అడుగున మాడిన బువ్వ లేదా, గదాన్ని గోకి, ఉల్లిగడ్డ, కారం ఏసుకొని తినేటోడు. నువ్వు గంజు తోముడు కష్టమని నీళ్ళు పోసి నానవెట్టెటిదానివి. గందుకే నువ్వు చూడకముందే నేను గోకి దాచిపెట్టి వానికిచ్చేటోన్ని. మా ఇద్దరికే తెలుసు గా ముచ్చట."

వాడు స్టూలు ఎక్కి ఫోటోను మేకుకు తగిలించాడు. మగ్గం చప్పుడుకు అద్దం కొంచెం కొంచెం అదురుతోంది. బస్తా వెనక పడేశాడని మూడు రోజులు నేను తిట్టుకున్న మనిషికి నా తమ్ముడి ఇష్టం తెలుసు. వాడి మీద ఆ రోజు నాకు కలిగినంత అసూయ జీవితంలో ఎవరి మీదా కలగలేదు. చాయ్ తాగి పొమ్మన్నాడు. ఈసారి తాగాను.

మర్నాడు పొద్దున పొయ్యి మీద అన్నం వండే గంజు పెట్టి, పక్కనే నిలబడి, అన్నం అడుగంటేదాకా చూశాను. వాసనకు మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. గరిటెతో గోకి, ఉల్లిగడ్డ, కారం వేసుకుని తిన్నాను. బాగుంది. ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు. తింటూ తింటూ, వచ్చేటప్పుడు రాసుకున్న మాన్కుబాయి కోడలి నంబరుకు ఫోన్ చేశాను. ఆమెను పిలిపించి, ఒకే మాట చెప్పాను.

"మాడు."

అటువైపు నుంచి నవ్వు.

"గంతేనా బాయి? మా పొయ్యిమీద రోజు మాడుతనే ఉంటది. వచ్చేసాలు దాకా ఎందుకు, ఇయ్యాలనే గోకి పెట్టొస్త" అంది.

నేను ఫోన్ పెట్టేసి గంజు వైపు చూశాను. ఒక్క ముక్క కూడా మిగల్లేదు. నా తమ్ముడికి నా కంటే ముందు ఆమే మాడు పెట్టబోతోంది.